ఊక ఎరువు, మడి నీళ్లు

మా అత్తగారింట్లో కోడి అనే మాట నోటితో అనకూడదు. ఇల్లు గడిచేదంతా ఆ అనకూడని మాట మీదే. ఒడిశాలోని కొరాపుట్‌లో మెయిన్ రోడ్డు మీద మా కొట్లో అమ్మేది కోళ్ల దాణా, కోళ్ల మందులు, కోడిపిల్లలు నీళ్లు తాగే ఎర్ర ప్లాస్టిక్ గిన్నెలు. ఇంటికొచ్చేసరికి అవన్నీ ‘సరుకు’ అయిపోతాయి. సరుకు దిగిందా, సరుకు కదిలిందా, అంతే. ఆంధ్రా వైపు సాలూరు నుంచి ఘాటీ రోడ్డెక్కి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టుకున్న వైశ్యుల కుటుంబం మాది. గుడ్డు సైతం గడప తొక్కని ఇల్లు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, తినని వాళ్లం అమ్మడం ఏమిటని నోరు జారి అడిగాను.

“మనం వాటికి తిండి పెడతన్నాం అమ్మీ. కోసుకు తిన్నోల్ల పాపం కోసుకు తిన్నోల్లది,” అన్నారు అత్తగారు.

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. ధర్మశాస్త్రం నా సబ్జెక్టు కాదు.

అత్తగారి మడి గురించి ముందే చెప్పాలి. మా వీధిలో అంత నిష్ఠగా మడి కట్టే మనిషి ఇప్పుడు ఇంకొకరు లేరు, ఇకమీదట పుడతారని కూడా అనుకోను. పొద్దున్నే స్నానం చేసి, దండెం మీది చీర కర్రతో తీసి కట్టుకున్నాక, మనవలు కూడా దూరం నుంచే మాట్లాడాలి. ఆవిడ తాగేది పెరటి నూతి నీళ్లు ఒక్కటే. మునిసిపాలిటీ కుళాయి పనికిరాదు. కుళాయిలో తోలు వాషరు ఉంటుందని ఆవిడ పెళ్లయిన కొత్తలో ఎవరో చెప్పారు. తోలు పోయి చాలా కాలమైందని, ఇప్పుడు ఉన్నది రబ్బరేనని మా ఆయన ఒకసారి కుళాయి విప్పి చేతిలో పెట్టి మరీ చూపించారు. “ముందున్నది తోలే కదరా. ఆ గొట్టం మారిందేటి?” అన్నారు ఆవిడ. మేం తాగే ఫిల్టరు మిషను నీళ్లూ పనికిరావు, అవి కరెంటు తగిలిన నీళ్లు. పోనీ నూతి నీళ్లే కాచి ఇస్తానంటే, కాస్తే వండినట్టు లెక్క, ఉపవాసానికి చెల్లదు. ఆవిడకు వారంలో సగం ఉపవాసాలే. అందుకని ఎప్పుడూ పచ్చి నీళ్లే, రాగిచెంబుతో, నూతి గట్టు మీద నిలబడి.

ఆ నూతికి ఎగువన కూరపాదులు. ఈ ఊళ్లో ఏ పెరడూ చదునుగా ఉండదు, మాదీ అంతే. ఇంటి గోడ దగ్గర మొదలై నూతి దాకా ఏటవాలుగా దిగుతుంది. తోటకూర, మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి. ఆ పెరడంటే చుట్టుపక్కల వీధుల్లో గొప్ప పేరు. మా ఆయన కొట్టుకు వచ్చినవాళ్లకు కొత్తిమీర కట్టలిచ్చి, మందు చుక్క తగలలేదు, అంతా సేంద్రియం అని చెప్పేవారు. ఆ సేంద్రియం మాకు దామంజోడి రోడ్డులోని ఒక కోళ్ల షెడ్డు నుంచి వచ్చేది. షెడ్డు రైతు మా వైపువాడే, మా కొట్టుకు పాతకాపు. ఒక దఫా కోళ్లు అమ్ముడుపోయాక నేల మీద పరిచిన ఊకను, అందులో కలిసిన రెట్టతో సహా బస్తాలకెత్తి, మా మీద అభిమానం కొద్దీ కొన్ని బస్తాలు పెరటి గుమ్మం దగ్గర దించిపోయేవాడు.

అంత మడిగల ఇంట్లోకి కోళ్ల పెంట ఎలా వచ్చిందని అడుగుతారేమో. కోళ్ల పెంట ఎన్నడూ రాలేదు. వచ్చింది ‘ఊక ఎరువు’. ఆ పేరు అత్తగారే పెట్టారు. పేరు పెట్టడంతో సగం శుద్ధి అయిపోయింది, మిగతా సగానికి ఆవిడ ఒక పద్ధతి ఏర్పరిచారు. బస్తాలు దొడ్డిదారినే రావాలి. వచ్చిన రోజే, దీపాలు పెట్టే వేళలోపు, విప్పి పాదుల మీద చల్లేయాలి. ఊక ఎరువు కుప్పగా మా ఆవరణలో ఒక్క రాత్రి కూడా నిద్ర చేయకూడదు. కుప్పగా ఉన్నంతసేపూ అది దేని కింద పరిచిన ఊకో చూసినవాళ్లందరికీ తెలుస్తుంది. మట్టి మీద పడ్డాక అంతా భూదేవే. చల్లడం అయ్యాక ఆవుపేడ నీళ్లలో కలిపి పైనుంచి చిలకరిస్తే, ఇక వంక పెట్టడానికి ఏమీ ఉండదు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పచ్చి పెంటను కుప్ప పోసి, కాస్త తడిపి, కప్పి, అప్పుడప్పుడు తిరగేస్తూ నెలల తరబడి మాగనిస్తే లోపల వేడి పుడుతుంది. చెయ్యి పెట్టలేనంత వేడి. జబ్బు చేసే సూక్ష్మజీవుల్లో చాలా భాగం ఆ వేడికి చస్తాయి. మాగినదాన్ని తవ్వి మట్టిలోకి కలిపితే వానకు కొట్టుకుపోయేది కూడా తగ్గుతుంది. ఇది నేను స్కూల్లో పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పే సంగతే. ఇంటికొస్తే అంతా తలకిందులు. ఎరువు పచ్చిది, చల్లడం పైపైన, అదీ వానలు దిగే ముందు, దాని మీద మళ్లీ పేడనీళ్ల తడి. సూక్ష్మజీవులకు పెళ్లిభోజనం పెట్టి, చేతులు కడుక్కోవడానికి నూతి వైపు దారి చూపించినట్టుండేది. ఉండబట్టలేక, నాలుగు నెలలు కుప్పగా ఉంచి తర్వాత వేద్దామని అత్తగారితో అన్నాను.

“నాలుగు నెల్లు దాన్ని కల్లెదురుగా ఎట్టుకుని తులసమ్మకి దీపం ఎలగెడతావు?” అన్నారు. “సైన్సంటే సుబ్రం లేపోడమేటి?”

మా ఆయన్ని కదిపితే, “అమ్మకి తెల్దేటి,” అని దాణా బస్తాలు సర్దుకున్నారు.

మా కొండల్లో జూన్‌లో వాన మొదలైతే దసరా దాకా తెరిపి ఉండదు. పాదుల మీంచి గోధుమరంగు నీళ్లు సన్న కాలవ కట్టి నూతి గట్టు దాకా వచ్చేవి. గట్టు ఎగువ వైపు ఎప్పుడో బీటలిచ్చింది. మా పెరట్లో పడిన వాన మా నూతిలోకి రాకపోతే నీళ్లు ఎక్కడి నుంచి ఊరతాయి అని అత్తగారు అడిగేవారు. ఆ ప్రశ్న న్యాయమైనదే కావడం నా దురదృష్టం.

అలాంటి ఒక వానాకాలంలో ఆవిడకు మూత్రంలో మంట మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. ఆడవాళ్లు నోరు విప్పి చెప్పుకోని జబ్బుల్లో అది మొదటిది. మంటకు విరుగుడు నీళ్లు ఎక్కువగా తాగడమని ఆవిడకు తెలుసు. చెంబు మీద చెంబు తాగారు, నూతిలోవే. ఇక ఓర్చుకోలేక నాతో చెప్పాక మందుల షాపు నుంచి మాత్రలు తెచ్చాం. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. మాత్ర మార్చారు, మళ్లీ అంతే. ఇంకోసారి మార్చాక, ఒక మధ్యాహ్నం చలిజ్వరంతో మంచం అదిరేలా వణికిపోయారు. ఒక చేత్తో నడుం పట్టుకుని, నన్ను ఎవరో అనుకుని ఏదేదో మాట్లాడుతుంటే నాకు నిజంగా భయం వేసింది. మడి చీరతోనే రెండు చేతుల మీదా ఎత్తి ఆటోలో కూర్చోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. మడిలో ఉన్న ఆవిణ్ని ముట్టుకోవడం నాకు అదే మొదలు. మనిషి ఎంత తేలికగా ఉందో అప్పుడే తెలిసింది.

జబ్బు కిడ్నీ దాకా పాకిందన్నారు. మూత్రంలోని సూక్ష్మజీవిని పెంచి, అది ఏ మందుకు చస్తుందో చూసే పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక ఒక డాక్టరమ్మాయి, ఒడియా పిల్ల, మంచం దగ్గరికి వచ్చింది. మామూలు మందులు వేటికీ ఇది లొంగడం లేదని, ఒక్క రకం ఇంజెక్షన్ మాత్రం మిగిలిందని, దాన్ని సెలైన్‌లో ఎక్కించాలి కాబట్టి ఆసుపత్రిలోనే ఉండాలని చెప్పింది. ఇంటికి తీసుకెళ్తే ప్రాణం మీదికి వస్తుందని కూడా చెప్పింది. అన్నీ అయ్యాక, పాపం మామూలుగానే, పిన్నిని పిలిచినట్టు, “మావుసీ, మీ ఇంట్లో కోళ్లున్నాయా?” అని అడిగింది.

అత్తగారిది సంతలో బేరాలాడి నేర్చుకున్న ఒడియా. ఒక్క మాట తప్పిపోదు. జ్వరం వచ్చినప్పటి నుంచి లేవని మనిషి లేచి కూర్చున్నారు.

“ఏటడిగిందది? నన్నా? మనింట్లోనా?” చేతికున్న సూది కేసి చూసుకున్నారు. “ఇది తీసీమను. నానింటికెల్లిపోతాను. సస్తే నా పెరట్లో సస్తాను.”

మా ఆయన డాక్టరుకు క్షమాపణ చెప్పుకుంటున్నారు, మేం ప్యూర్ వెజిటేరియన్ మేడమ్, ఆ వాసన కూడా పడదు అని. పొద్దున షట్టరు ఎత్తితే రాత్రి దించేదాకా ఆ వాసనలోనే కూర్చునే మనిషి! నాకు తిక్క రేగింది.

“కోళ్లు లేవు డాక్టర్. కోళ్ల పెంట ఉంది,” అన్నాను. “కూరపాదుల నిండా ఉంది. దాని దిగువన నుయ్యి. ఈవిడ తాగేవి ఆ నూతి నీళ్లే, కాచకుండా.”

వార్డంతా మా వైపు తిరిగింది. అత్తగారు మాత్రం గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ తర్వాత చాలా రోజులు ఆవిడకు నాతో మాటల్లేవు. మందు వేసుకోమంటే నోరు తెరిచేవారు, అంతవరకే.

ఆసుపత్రిలో ఉండడానికి ఆవిణ్ని ఒప్పించింది మా ఆయన. ఏం చెప్పి ఒప్పించారో మర్నాడు తెలిసింది. రెండు పూటలా ఇంటి నూతి నీళ్లు తెచ్చి ఇస్తానని మాటిచ్చారట. తెచ్చారు కూడా. తలస్నానం చేసి, తడిబట్టతో చేది, రాగిచెంబుకు గుడ్డ వాసెన కట్టి, స్కూటరు మీద ఒంటిచేత్తో. మంచానికి ఒక పక్క సీసాలోంచి మిగిలిన ఆ ఒక్క మందూ చుక్కచుక్కగా ఎక్కుతోంది. ఇంకో పక్క ఆ చెంబు. అంత భక్తిగల కొడుకు ఏ తల్లికి దొరుకుతాడు!

నేను స్కూలు నుంచి వచ్చి చెంబు చూసి, దాన్ని తీసుకెళ్లి డాక్టరమ్మాయి బల్ల మీద పెట్టాను. ఇవే ఆ నీళ్లు, చూడండి అన్నాను. ఆ అమ్మాయి నవ్వాపుకుని, చెంబు నీళ్లు పరీక్షకు పనికిరావంది. సీలు వేసిన సీసా ఒకటి ఇచ్చి, చేతులు కడుక్కుని, అంచు ముట్టుకోకుండా, ఊపిరి తగలకుండా నూతి నీళ్లు నింపి తెమ్మంది. అత్తగారి మడి కన్నా కఠినంగా ఉంది వాళ్ల మడి. మా పాదులోని మట్టి ఒక డబ్బాలో, పక్కింటివాళ్ల చేలోని మట్టి ఒక డబ్బాలో కూడా అడిగింది. పక్కింటివాళ్లు పశువుల పేడ, మేకల గత్తం ఏడాది పొడుగునా గొయ్యిలో మాగబెట్టి దుక్కిలో కలిపేస్తారని నేను చెప్పాను, అందుకని.

ఇక ఆ చెంబులో నేను షాపులో కొన్న సీసా నీళ్లు పోసి మళ్లీ వాసెన కట్టడం మొదలుపెట్టాను. అత్తగారు గుక్క వేసి, కళ్లు మూసుకుని, “మన నూతి నీల్లు గనకే గొంతు దిగతన్నాయి,” అని కొడుకుతో అనేవారు. ఆ పాపానికి నాకు ఈనాటికీ పశ్చాత్తాపం లేదు.

జ్వరం దిగింది. ఆవిడ లేచి నాలుగడుగులు వేసేసరికి పరీక్షల ఫలితాలు కూడా వచ్చాయి. డాక్టరమ్మాయి మా ముగ్గుర్నీ ల్యాబులోకి పిలిచింది. అరచేతంత గుండ్రటి మూతపళ్లేలు నాలుగు. ఒక్కో పళ్లెంలో పెసరగింజ కన్నా కాస్త పెద్ద తెల్లబిళ్లలు, ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ మొలవని గుండ్రం ఏర్పడుతుంది. పనిచేయకపోతే సూక్ష్మజీవి మీగడలా బిళ్ల అంచు దాకా కమ్మేస్తుంది. అత్తగారి పళ్లెంలో మీగడ. నూతి పళ్లెంలో మీగడ. మా పాదు పళ్లెంలో మరీ చిక్కటి మీగడ. పక్కింటి చేని పళ్లెంలో మటుకు చాలా బిళ్లల చుట్టూ ఖాళీ గుండ్రాలు కనిపించాయి. అక్కడా మొండివి లేకపోలేదని, మాగబెట్టినంత మాత్రాన అన్నీ చావవని, కానీ మా మట్టితో పోలిస్తే బాగా తక్కువని ఆ అమ్మాయి చెప్పింది.

“ఈ నీళ్ల వల్లే మీకు జబ్బు వచ్చిందని నేను ఒట్టేయలేను మావుసీ,” అంది. “మీ ఒంట్లోదీ నూతిలోదీ ఒకే మందుల్ని లెక్కచేయడం లేదు. అంతవరకే చెప్పగలను.”

అత్తగారు ఒక బిళ్ల చూపించి అదేం మందని అడిగారు. ఆ అమ్మాయి పేరు చెప్పింది. ఇంకోటి చూపించారు. ఇంకో పేరు. ఆవిడకు ఆ పేర్లు తెలియవు. కానీ పేరు వినపడిన ప్రతిసారీ కొడుకు మొహం మారుతోందని గమనించారు. కన్నతల్లి కదా.

“మన సరుకేనేటిరా?”

“అదే జాతి అమ్మా,” అన్నారు మా ఆయన, పళ్లెం కేసి చూస్తూ. మా కొట్లో పొడి పొట్లాలుగా అమ్మేవీ అవే రకం మందులు; జబ్బు లేని కోళ్లకు కూడా రోజూ పోస్తుంటే, వాటికి చావని సూక్ష్మజీవులే మిగిలి రెట్టలోకి వస్తాయి.

ఇంటికి పంపే ముందు డాక్టరమ్మాయి ఇంకో మాట కూడా చెప్పింది. జబ్బు మళ్లీ వస్తే ఈసారి ఆ ఇంజెక్షన్ కూడా పనిచేస్తుందని నమ్మకం లేదు. అప్పుడేం చేస్తావని అత్తగారు అడిగారు. ఆ పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని, రానివ్వకండి మావుసీ అంది. అంత చదువు చదివిన పిల్ల దగ్గర చివరికి మిగిలిన వైద్యం అదే. ఆటోలో అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది. ఆవిడకు భయం వేసిందని నాకు అర్థమైంది, నాకూ వేసింది.

ఇంటికొచ్చాక మాత్రం ఆవిడ వెనకటి మనిషే. నూతిలో నీళ్లన్నీ తోడించి, పూడిక తీయించి, గట్టు ఎత్తు చేయించారు. కాచిన నీళ్లు మందుతో సమానమని, మందుకు ఉపవాసం అడ్డం రాదని తీర్పు చెప్పారు. మిగిలింది ఎరువు. ఈసారి షెడ్డు నుంచి బస్తాలు వచ్చినప్పుడు, నేను పాఠం మొదలుపెట్టేలోపే ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

“దానికి పురుడొచ్చిందనుకో అమ్మీ. పురుటి మడిసిని ముట్టుకుంటామేటి? ఎడంగా కూకోబెడతాం. మైల తీరినాక తానం సేయించి లోనికి తెచ్చుకుంటాం. ఇదీ అంతే. ఒంట్లో వేడి తీరిందాకా దానికి మైలే.”

నూతికి బాగా దిగువన, పెరటి చివర, తడక చాటున కుప్ప పోయించి టార్పాలిన్ కప్పించారు. నెలల తరబడి ఎవరూ దాని జోలికి వెళ్లలేదు, తిరగేసే కూలీ తప్ప. అతను తిరగేసినప్పుడల్లా కాళ్లూ చేతులూ కడుక్కుని గానీ ఇవతలకి రాకూడదు. వానలు వెనకపట్టాక దాన్ని పారతో మట్టి లోపలికి కలిపించారు. నా పాఠం అక్షరం పొల్లుపోకుండా అమలైంది, నా పేరు మాత్రం ఎక్కడా రాలేదు.

అంతటితో ఊరుకుని ఉంటే మా ఆయన సుఖపడేవారు. ఆ చలికాలం ఒక ఉదయం, కొట్టు గుమ్మం ఏనాడూ తొక్కని అత్తగారు మామూలు చీర కట్టుకుని వచ్చి గల్లాపెట్టె పక్కన కుర్చీ వేసుకున్నారు. ఆదివారం కాబట్టి నేనూ ఉన్నాను. కోడిపిల్లలకు నీళ్లలో కలిపే మందు పొడి ఎవరడిగినా, “నీ కోల్లకి జబ్బేటి?” అని ఆవిడ అడగడం మొదలుపెట్టారు. లేదంటే, “మరెందుకు?” వచ్చినవాళ్లు నవ్వాలో పారిపోవాలో తెలియక మా ఆయన కేసి చూసేవారు. ఆయన దాణా బస్తాలు లెక్కపెడుతున్నట్టు అటు తిరిగి నిలబడ్డారు.

కాసేపటికి దామంజోడి రోడ్డు షెడ్డు రైతు వచ్చాడు. అత్తగారికి దండం పెట్టి, ఎప్పుడూ తీసుకెళ్లే పొడి పొట్లాలు బల్ల మీదికి లాక్కున్నాడు. అదే ప్రశ్న ఎదురైంది. నొచ్చుకున్నాడు.

“మీకు జొరమొస్తే మందేసుకున్నారు కదమ్మగోరూ. నాను రాకముందే ఏస్తన్నాను. తప్పేటి?”

“ఒరే బాబూ, నువ్వు రాకముందే ఏసీసినావు గనకే, వచ్చినాక నాకు లేకండా పోనాది,” అన్నారు అత్తగారు. కోపంగా అనలేదు. “మల్లీ వస్తే ఏటీ లేదంట నాకు. ఆ డాక్టరు పిల్ల సెప్పేసింది.”

అతను తల దించుకున్నాడు. పొట్లాలు బల్ల మీదే వదిలేసి, మళ్లీ దండం పెట్టి బయటికి నడిచాడు. మా ఆయన కూడా ఇటు తిరిగారు. మాట పనిచేసిందని నేను సంబరపడేలోపే, అతను రోడ్డు దాటి ఎదురుగా ఉన్న ఇంకో దాణా కొట్లోకి వెళ్లాడు. అవే పొట్లాలు సంచీలో వేసుకుని, మా వైపు చూడకుండా మోటారు సైకిలెక్కాడు.

అత్తగారు ఆ కొట్టు కేసి చూశారు.

“ఆ గల్లా కాడ కూకోడానికి ఆ కొట్టోడికి తల్లున్నాదేటి అమ్మీ?”

ఉందని చెప్పాను. కొట్టు వెనక గదిలోనే ఉంటుంది.

“ఎల్లి పిలుసుకురా,” అన్నారు.